యొనోక్ వాకిట్లో దండెం

యొనోక్ పిల్లల కోసం చరిత్ర పుస్తకాలు రాస్తుంది, అందుకే ఊళ్లో పంతులమ్మ అంటారు. పొద్దున్నే కిమ్చి పచ్చడితో ఇంత అన్నం తిని కూర్చుంటే చేపల పడవలు తిరిగొచ్చేదాకా లేవదు. పుస్తకం అచ్చుకి పోయేముందు ఒక సాయంత్రం వాకిట్లో చాపలు పరిచి, అందులోని చనిపోయినవాళ్లందరికీ అన్నం, పులుసు పెట్టి, పైకి చదువుతుంది. వాళ్లొచ్చి తింటూ వింటారు. ఎక్కడైనా తప్పు రాస్తే గిన్నె మీద చెంచా మోగుతుంది. చదివే రోజు బట్టల దండెం విప్పేస్తుంది. తద్దినం నాడు మా రేవులో అందరూ విప్పుతారు. తాడు అడ్డముంటే పోయినవాళ్లు దానికి తగులుకుని లోపలికి రాలేరు.

ఈసారి పుస్తకం యుద్ధంలో కాలిపోయిన బడి గురించి. పంతులు టేఇక్ కొందరు పిల్లల్ని పడవెక్కించి, మిగిలినవాళ్ల కోసం వెనక్కి పరిగెత్తాడు. ఆ మిగిలినవాళ్లు మంటల్లో చనిపోయారు. అతనేమయ్యాడో ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్లుగా అతని తల్లి బున్యో రోజూ అతని గిన్నెలో అన్నం పెట్టి, చల్లారకుండా దుప్పటి కింద దాస్తుంది. మర్నాడు ఆ చద్దన్నమే తను తింటుంది.

"మావాడికి గిన్నె పెట్టకు పంతులమ్మా. బతికున్నోడికి పెడతారా ఎవరైనా?" అంది బున్యో.

"చదివే పిల్లలు అడుగుతారు అవ్వా, పంతులేమయ్యాడని."

"వస్తాడని రాయి."

"నాకు తెలియంది రాయను."

"మొండిఘటానివి. అందుకే నీకు మొగుడు దొరకలేదు."

"నీ పక్కింట్లో పెరిగితే ఇంకెలా ఉంటాను?"

చదివేరోజు బున్యో సాయానికని ముందే వచ్చింది. యొనోక్ పులుసుకుండతో బయటికొచ్చేసరికి వీధి గుమ్మానికి అడ్డంగా, నడుమెత్తున దండెం కట్టి ఉంది. దానిమీద టేఇక్ పాత చొక్కా. అది తడిగా లేదు.

యొనోక్ కుండ దించింది. గిన్నెలన్నీ పెట్టి చదవడం మొదలెట్టింది. ఎవరూ రాలేదు. పులుసు మీద తెట్టు కట్టింది.

గాలి లేదు. తాడు మాత్రం మధ్యలో కిందికి వంగింది, ఎవరో చెయ్యి ఆనించినట్టు. దానికి అటూ ఇటూ పిల్లల చేతులంత చిన్నచిన్న వంపులు, వరసగా.

బున్యో ఆ వంపుల్ని చాలాసేపు చూసింది. లేచి వెళ్లి ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పింది.

"రా నాన్నా టేఇక్. పిల్లలకి ఆకలేస్తోంది," అంది.

చాపలు నిండాయి. గిన్నెలు ఖాళీ అయ్యాయి.

"ఇప్పుడు రాయి పంతులమ్మా, వాళ్లని చేరుకున్నాడని."

యొనోక్ రాసి చదివింది. ఏ చెంచా మోగలేదు.

మర్నాడు బున్యో అన్నం వండి, పొగలు పోకముందే తింది.