ఏడు వాక్యాలు

రామచంద్రయ్య సారు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, ఎర్ర పెన్సిలుతో గీసిన చోట వేలు ఆనించాడు. ఒకటి నవనీత ఎం.ఏ. ప్రాజెక్టు. రెండోది ఇరవై ఆరేళ్ల కింద ఎవరో పరిశోధకుడు సమర్పించిన సిద్ధాంత గ్రంథం. రెండింటిలోనూ నేతపని నూలుకు నూనె పట్టించే పద్ధతి గురించి ఏడు వాక్యాలున్నాయి. పదకొండు రోజులు నానబెట్టాలన్న లెక్కతో సహా అక్షరం తేడా లేదు.

"గిది మీ అవ్వ చెప్పిందని రాసినవ్. మీ అవ్వ గీ బుక్కు చదివి చెప్పిందా?"

"మా అవ్వకు సదువు రాదు సార్."

"అయితే నువ్వే చదివినవ్. సోమవారం దాకా టైమిస్త. ఆధారం తెస్తే సరే. లేకుంటే కాపీ కొట్టిందని రాసి పంపిస్త, డిగ్రీ పోతది."

నవనీత నిలువునా నీరైపోయింది. ఆ పుస్తకం ముఖం కూడా ఆమె ఎరగదు. ఏ మాట ఎవరిదో, ఎప్పుడు విన్నావో కింద రాయాలని ఏడాదంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈ సారే. అవ్వ పేరు, వయసు, ఊరు, తేదీ అన్నీ రాసింది. అయినా దొంగయి కూర్చుంది.

నల్లగొండ ఎండలో హాస్టలుకు నడుస్తూ ముందు సారునే అనుమానించింది. అంత మూలన పడున్న పుస్తకం ఆయనకే ఎందుకు దొరకాలి? గది చేరేసరికి అనుమానం అదే గదిలో ఉండే మనీష మీదికి మళ్లింది. చేతిరాతను టైపు చేసిపెట్టింది మనీషే. రోజూ లైబ్రరీలో పడుండేదీ మనీషే.

"నిజం చెప్పు. పని తొందరగా అయిపోవాలని గా పాత బుక్కులకెల్లి దించినవా?"

మనీష పోట్లాడలేదు. హాస్టలు మెస్సులో అన్నం పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. అనుమానం పట్టిన మనిషికి ఎదుటివాళ్ల అలక కూడా సాక్ష్యమే. తప్పు చేసింది కాబట్టే మాట్లాడలేదని తేల్చేసుకుంది నవనీత.

అవ్వ మాటలు రికార్డు చేసింది ఊళ్లో ఉన్న తండ్రి ఫోనులో. శనివారం పొద్దున్నే బస్సెక్కి, భువనగిరి అవతల ఉన్న తన ఊరు చేరి, ఆ ఫోను చెవికి పెట్టుకుంది. అవ్వ గొంతులో ఏడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టే వినిపించాయి. మనీష ఒక్క ముక్క మార్చలేదు. డిగ్రీ దక్కిందన్న సంతోషం నిమిషం కూడా నిలవలేదు, ఆ పిల్లకు ఏ ముఖం పెట్టుకుని కనబడాలి? మరి పోయిన నెల చెప్పిన మాటలు ఇరవై ఆరేళ్ల నాటి పుస్తకంలోకి ఎట్లా వెళ్లాయి?

అవ్వ లక్ష్మీనర్సమ్మ వసారాలో నూలు కండెలు చుడుతోంది.

"అవ్వా, ఎన్కట ఎవలన్న వచ్చి గీ నూలు సంగతి అడిగిన్రా?"

"మస్తుమంది వచ్చిన్రు. ఒకాయన నోటుబుక్కు వట్టుకొని మూడు దినాలు తిరిగిండు."

"ఆయనకు గూడ నాకు చెప్పినట్లే చెప్పినవా?"

"అందరికి అదే చెప్తం. మా అత్త నేర్పిన జవాబు." అవ్వ చెయ్యి ఆపకుండా ఏడు వాక్యాలూ ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

నవనీతకు అనుమానమొచ్చింది. "మరి పదకొండు దినాలు నానవెట్టుడు నిజమేనా?"

అవ్వ కిసుక్కున నవ్వింది. "పదకొండు దినాలకు నూనె యాడ వడతది పిల్లా? అసలుది అందరికి చెప్పుకుంట పోతే మనమేం తినాలె?"

"నాగ్గూడ గదే చెప్పినవ్ గదనే! నేను నీ మనుమరాల్ని."

అవ్వ చెయ్యి అప్పుడు ఆగింది. "మనుమరాలైతే పక్కన కూసుండి కండెలు చుట్టేది. నువ్వు ఫోను ముంగట వెట్టి, నీ పేరేంది, నీ వయసెంత అని అడిగినవ్. నా పేరు నీకు తెల్వదా బిడ్డా?"

నవనీతకు ఏడుపు తన్నుకొచ్చింది. అసలు పద్ధతి ఏమిటని అడగకుండానే లేచిపోయింది.

ఆదివారం హాస్టల్లో మనీష బల్ల దగ్గరికే పళ్లెం తీసుకెళ్లి, తప్పయిందని చెప్పింది. మనీష తలెత్తకుండానే కొంచెం జరిగి జాగా ఇచ్చింది.

సోమవారం సారు రికార్డు రెండుసార్లు విన్నాడు. అవ్వ జవాబు సంగతంతా విని, అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ను అనవసరంగా అన్న. ఇగ సంతకం వెడత, తే."

"జర ఆగున్రి సార్."

ఆమె నిలబడే ఉండి, ప్రాజెక్టులో ఆ ఏడు వాక్యాల కింద రాసింది: వృత్తి తెలియని బయటివారికి చెప్పే జవాబు ఇది. అసలు పద్ధతి నాకు చెప్పలేదు.

సారు చదివి తలెత్తాడు. "సొంత అవ్వే నిన్ను బయటిదాన్ని చేసిందని అందరు చదువుతరు. గిట్లనే ఉంచమంటవా?"

"చెప్పలేదు గద సార్," అంది నవనీత. ప్రాజెక్టును సంతకానికి ఆయన ముందుకు జరిపింది.