నూట ఇరవై అయిదు డిగ్రీలు

అన్నం వార్చి గిన్నె దించిందో లేదో, మొగుడు జాన్‌బాబు ఫ్యాక్టరీలో వేడి లెక్కలు రాసే లాగ్ షీట్లు తెచ్చి ఎలిజబెత్ పక్కన పడేశాడు. "నిన్నటివీ మొన్నటివీ ఉన్నాయి. కాస్త నింపెయ్. నీ చేతిరాత చూస్తే ఇంజనీరుగారికి ముచ్చట" అన్నాడు.

కంకిపాడు దారిలో ఉన్న తవుడు నూనె ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజరు. అక్కడ కుక్కరంటే ఇంట్లో పప్పు ఉడికేది కాదు, రెండు మేడలెత్తు ఇనప పీపా. నూనె లాగడానికి పోసిన ద్రావకాన్ని తవుడులోంచి ఆవిరి పట్టించి వెళ్లగొడతారు. ఆ ద్రావకం పెట్రోలుకి చుట్టం, వేడి మించితే ప్రమాదం. అందుకే గంటగంటకీ మెట్లెక్కి వేడి ఎంతుందో చూసి రాయాలి. జాన్‌బాబుకి మెట్లంటే మోకాళ్ల నొప్పులు.

ఎలిజబెత్ బీయెస్సీ ఫిజిక్సు, ఫస్టు క్లాసు. గుణదల అత్తారింటికి వచ్చిన వారంలోనే అత్తగారు తెరేసమ్మ "కోడల్ని ఉద్యోగానికి పంపి తినే గతి మాకింకా పట్టలేదు" అని తేల్చేసింది. ఆ ఉద్యోగమే పేరూ జీతమూ లేకుండా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. "చూడకుండా ఎలా రాస్తామండీ?" అని మొదట్లో అడిగింది. "నూట అయిదు చుట్టూ తిప్పు. రోజూ ఒకటే వేస్తే అనుమానం వస్తుంది, ఎండాకాలం కాస్త పెంచు" అన్నాడు. ఓ మధ్యాహ్నం నూట పద్దెనిమిది, ఓ మధ్యాహ్నం నూట ఇరవై అయిదు. నిజంలా కనిపించేట్టు అల్లడంలో ఆమెకి కొంచెం సరదా కూడా ఉండేది. ఆ సరదా తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గు.

ఈ ఏడు, డెబ్భై తొమ్మిదిలో, యజమాని బొంబాయి నుంచి బీరువాంత కంట్రోలర్ తెప్పించాడు. అది నిమిషనిమిషానికీ తనే వేడి కొలిచి కాగితం మీద అచ్చు వేస్తుంది, మనం చెప్పిన హద్దు దాటితే ఆవిరి కట్టేసి గంట మోగిస్తుంది. లాగ్ అందంగా ఉందని ఆ యంత్రాన్ని జాన్‌బాబుకి అప్పగించారు. అతను దాని ఇంగ్లీషు పుస్తకం ఇంటికి తెచ్చి "చదివి నాకు తెలుగులో చెప్పు" అన్నాడు. కూరలు తరుగుతూ చదివింది. వేడి హద్దు దాటితే మీట పడాలి, మీట పడితే ఆవిరి ఆగి గంట మోగాలి, అంతే కదా! ఇన్నేళ్లకి తన బుర్ర తనకి వినపడింది. అతను ఆమె చెప్పింది అక్కడ వల్లించి వచ్చి "మన జాన్‌బాబు బుర్రే బుర్ర అన్నారు ఇంజనీరుగారు" అని మురిసిపోతూ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఇవాళ వడ్డిస్తూ అడిగింది. "హద్దు ఎంత పెట్టారండీ?"

"నూట ఇరవై అయిదు. మూడు ఎండాకాలాలు అంతదాకా వెళ్లినా ఏమీ కాలేదని లాగ్ షీట్లే చెబుతున్నాయిగా. సోమవారం మొదలెడతాం. జక్కయ్య ఇక ఆవిరి వాల్వు ముట్టుకోనక్కర్లేదు."

ఆమె గరిటె కింద పెట్టేసింది. జక్కయ్య కుక్కర్ కింద పగలంతా నిలబడే మనిషి. వాసన పట్టి, పీపా మీద చెయ్యేసి చూసి, ఎవరూ చెప్పకుండానే ఆవిరి తగ్గిస్తాడు. వేడి నిజంగా అంతదాకా ఎక్కితే ముందు కాలేది అతనే.

"ఆ అంకె నేను కల్పించిందండీ! వాళ్లకి చెప్పండి."

"చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకోమంటావా? కొంపలేం మునగవులే. వంటింట్లో కూర్చునేదానికి నీకేం తెలుసు?"

"మగాడి ఉద్యోగం జోలికి పోకమ్మాయ్" అంది తెరేసమ్మ.

రెండు రోజులు ఆమె అదే తలపోసింది. మొగుడి ఉద్యోగం పోతే ఈ ఇంట్లో తన బతుకేమిటో తెలుసు. చచ్చేదాకా దెప్పుతారు. భయం వేసింది, మామూలు భయం కాదు. కానీ జక్కయ్య కాలకముందు చెబితే అది తప్పు ఒప్పుకోవడం, కాలాక చెబితే ఒట్టి ఏడుపు. అబద్ధం అతను చెప్పమన్నాడు, నిజమే. అల్లింది మాత్రం తన చెయ్యి. వంటింట్లో కూర్చునేదానికి ఆ ఒక్క సంగతి తెలుసు.

సోమవారం పొద్దున్నే, మొగుడు లేవకముందే కంకిపాడు బస్సెక్కింది. యంత్రం ముందు నిలబడి ఉన్న ఇంజనీరు నాగేశ్వరరావుగారు ఆమెని చూసి కంగారుపడ్డారు. "జాన్‌బాబు భార్య కదమ్మా? అతనికి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నారండీ. ఇవాళ మొదలెట్టకండి. ఆ లాగ్‌లో వేడి ఎవరూ చూసి రాసింది కాదు. జక్కయ్యని వాల్వు దగ్గరే ఉంచి, ముందు ఈ పెట్టెని నెల్లాళ్లు ఊరికే కొలవనివ్వండి. హద్దు సంగతి తర్వాత."

ఆయన గుమ్మంవైపు తిరిగి కేకేశారు. "ఎవరక్కడ, ఇంటికెళ్లి జాన్‌బాబుని పిలుచుకురండి!"

"ఆయన్నెందుకండీ?" అంది ఎలిజబెత్. "రాసింది నేను. అడగాల్సింది నన్ను."