పలక గనిలో ఓడ

మార్కాపురం దగ్గర పాడుబెట్టిన పలక గనిలో ఐదు నిలువుల నీరు. అడుగున ఒక ఓడ. సినిమా కంపెనీవాళ్ళు మద్రాసు నుంచి చెక్కలు తెచ్చి, మేకులు కొట్టి, రాళ్ళు నింపి ముంచిన ఓడ అది. సముద్రంలో తీద్దామంటే అలలు, బురద. ఇక్కడి నీరు అద్దం. చిక్కల్లా వెలుతురుతోనే. ఆ గోడల మధ్యకు మిట్టమధ్యాహ్నం అరగంటే ఎండ దిగుతుంది. అడుగుకు చేరేసరికి అదీ సందెచీకటే.

1937 వేసవి. కెమెరామన్ సుందరరాజు నీళ్ళలోకి దిగడానికి తలమీద గాలి గొట్టమున్న రాగి టోపీ పెట్టుకున్నాడు. అది భుజాల మీద ఆనుతుంది, అడుగు తెరిచే ఉంటుంది. గట్టు మీద గాలి పంపు కొట్టేది దేవదానం, సుందరరాజు నడుముకు కట్టిన మోకు పట్టేది దేవదానం పెళ్ళాం రోశమ్మ. ఇరవై ఏళ్ళుగా గని కూలీలు.

"నేను మోకు మూడుసార్లు గుంజితే నన్ను పైకి లాగాలి."

"నాలుగు రోజుల్నుంచీ చెప్తానే ఉండావు సార్," అంది రోశమ్మ. "మతిమరుపు మా ఆయనకి, నాకు కాదు."

"దీని నోట్లో గాలంతా నీకే పంపుతాలే సార్," అన్నాడు దేవదానం.

ఆ నాలుగు రోజులూ సుందరరాజు రాళ్ళ మెట్లమీదుగా తనే పైకొచ్చాడు. మోకుతో పని పడలేదు.

కింద అంతా పాచిరంగు మసక. ఓడ కిటికీలోంచి జెల్ల చేప ఒకటి మీసాలు బయటపెట్టింది. సుందరరాజు ఇత్తడి పెట్టెలోని కెమెరా తిప్పుతూ ఓడలోకి అడుగేశాడు. కాలికింద రాళ్ళు జారాయి. పైదూలం దిగి ఎడమ చీలమండను పట్టేసింది.

లాగాడు. రాలేదు. మోకు మూడుసార్లు గుంజాడు.

చెవుల్లో బుసకొడుతున్న గాలి ఆగిపోయింది.

మళ్ళీ గుంజాడు. మోకు బిగియలేదు. చుట్టలు చుట్టలుగా అతని భుజాల మీదికి రాలింది. పైన దాన్ని పట్టుకున్నవాళ్ళే లేరు!

టోపీలో నీరు గడ్డానికొచ్చింది. పెదవికొచ్చింది. కాలు అంగుళం కదల్లేదు. చేతిలో గట్టి వస్తువు ఒక్కటే ఉంది, ఐదు రోజుల కష్టం ఉన్న కెమెరా పెట్టె. దాన్ని దూలం కిందికి తోసి ఒళ్ళంతా వేసి తొక్కాడు. అద్దం పగిలింది. బుడగలు ఎగిరాయి. దూలం రెండు వేళ్ళు లేచింది. చర్మం వదిలేసి కాలు ఊడొచ్చింది. టోపీలోంచి తల తప్పించి, ఊపిరి వదులుతూ పైకి తన్నుకున్నాడు.

గట్టు ఖాళీ. పంపు పిడి లేచినది లేచినట్టే ఉంది. నెత్తురోడుతూ పాకి రాళ్ళ దిబ్బ వెనక్కి తొంగిచూశాడు. మొగుడూ పెళ్ళాం చెవుల్లో వేళ్ళు పెట్టుకుని బోర్లా పడుకున్నారు.

"లేయొద్దు సార్! ఇంకా పేలలా! పండుకో!" అరిచింది రోశమ్మ.

సుందరరాజు ధబాలున పడుకున్నాడు. ఏదీ పేలలేదు.

"ఏంది పేలేది?" అన్నాడు చివరికి.

"మందు సార్. గనిలో రాయి పేల్చేటప్పుడు కింద మేస్త్రీ ఒత్తి ముట్టించేముందు మోకు మూడుసార్లు గుంజుతాడు. గుంజితే యాడోళ్ళాడ ఉరకాల్సిందే," అంటూనే దేవదానం ఆగిపోయాడు. "నీళ్ళలో ఒత్తి యాడిది ప్రభువా..."

రోశమ్మ గబగబా కొంగు చింపి సుందరరాజు కాలు చుట్టసాగింది.

"మరి పైకి లాగమనడానికి మీ గనిలో ఎన్నిసార్లు గుంజుతారు?"

"యాడ సార్? నిచ్చెనెక్కి వాడే వస్తాడు."

సుందరరాజు నవ్వబోయాడు. దగ్గొచ్చి, గని నీళ్ళు కక్కుకున్నాడు.