ఇంటి మచ్చ

"ఇవాళ ఎక్కడుంది?" పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ అత్త అడిగే మొదటి మాట అదే.

కోడలు మెడా మోచెయ్యీ తడుముకుని "భుజం మీదత్తయ్యా" అనేది. అమ్మయ్య అనుకునేది అత్త. వాళ్లది టైలరింగు షాపు, అదీ ఇంటి ముందుగదిలోనే. మచ్చ అరచేతిలోకి వచ్చిన రోజున మిషను నూనె అనుకుని, బట్టకి అంటుతుందేమోనని గిరాకీలు గొణిగేవాళ్లు.

సెనగగింజంత నల్లమచ్చ. ఇంటి మొత్తానికీ అదొక్కటే. చెయ్యి పట్టుకున్నా, జడ వేసినా, ఒకరి ఒంటి మీంచి ఇంకొకరి ఒంటికి పాకేది. మగవాళ్లంటే దానికి గిట్టదు. కొడుకు బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఎంత బతిమాలినా ఒక్కపూట కూడా వాడి దగ్గరికి పోలేదు. ఈడేరిన పిల్ల, నెల తప్పిన ఆడది, బాలింత, ఎవరి ఒంట్లో గడబిడగా ఉంటే వాళ్లని చేరేది. అత్తకి నెలసరి ఆగిపోయిన ఏడు ఆమెని వదిలి కూతురి మీదికి వెళ్లింది. కూతురు అత్తారింటికి పోతూ వదినని కౌగిలించుకుంటే, వదినకి అంటుకుంది.

అత్త కత్తిరించేది, కోడలు కుట్టేది. మచ్చ సంగతి, కొలతల సంగతి తప్ప ఇద్దరి మధ్యా మూడో మాట ఉండేది కాదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. ఆ లెక్కన ఆ ఇంట్లో ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు.

కోడలికి నెల తప్పింది. మచ్చ లావెక్కింది.

"కడుపొచ్చాక నువ్వు ఒళ్లు చెయ్యలేదూ? అదీ చేస్తుంది. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే నల్లబడి, కానుపయ్యాక తగ్గింది" అని అత్త కొట్టిపారేసింది.

వేరే ఇంట్లో అయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. వీళ్లకి మచ్చ మారడం అలవాటైపోయింది. దాని అంచు ఓవర్‌లాక్ చెయ్యని బట్టలా చీలికలు పేలికలైనా, చుట్టూ ఎర్రగా కమిలి మంట పుట్టినా నవ్వుకున్నారు. జాకెట్టుకి నెత్తురు అంటిన రోజున మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

"మీ ఇంట్లో తిరిగేదేనా ఇది?" అంది చర్మం డాక్టరమ్మ. చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపింది. క్యాన్సరని తేలింది.

"చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయమ్మా" అని ఓపిగ్గా చెప్పింది. "ఒంట్లో హార్మోన్లు మారితే ఆ కబురు వాటికీ అందుతుంది. ఒక్కోసారి రెచ్చిపోయి చుట్టూ మంట రేపుతాయి, ఆ మంటతో అవే ఇంకా పెరుగుతాయి. కడుపు వల్లే ఇలా అయిందని గట్టిగా చెప్పలేను. మాకూ అంతా తెలీదు. కానీ మీ మచ్చ హార్మోన్లున్న చోటికే పోతుందని మీరే అంటున్నారుగా."

కోద్దామని బల్ల మీద పడుకోబెట్టారు. కత్తి కనపడగానే మచ్చ సర్రున జారి, సరిగ్గా బిడ్డ తన్నుతున్న చోట పొట్ట మీద కూర్చుంది. రెండోసారీ అంతే.

"దాన్ని తరుముతూ బిడ్డ మీద కత్తి పెట్టలేను. కానుపు దాకా ఆగుదామంటే, అది ఆగేలా లేదు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక కోడలు మిషను ముందు కూర్చుంది కానీ కుట్టలేదు. అత్త కత్తెర పట్టుకుంది కానీ కత్తిరించలేదు. మర్నాడు అత్త ఒక్కతే ఇంకో ఆస్పత్రికి వెళ్లి, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టడం లేదు అని లేని జబ్బు చెప్పి హార్మోను మాత్రలు రాయించుకుంది. ఒకటి వేసుకోమంటే రెండు వేసుకుంది. కొన్నాళ్లకి రొమ్ములు సలిపాయి. ఎప్పుడో ఆగిన మైల మళ్లీ కనపడింది. ఈ వయసులో ఇదేం చోద్యమని సిగ్గుపడింది, సంతోషపడింది కూడా.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే కోడలి కాళ్లు నొక్కడం మొదలుపెట్టింది.

"మీరు నా కాళ్లు పట్టడమేంటత్తయ్యా? సూర్యుడు పడమట పొడిచాడా?"

"వాచిపోయి దిండ్లలా ఉన్నాయి, చూడలేక. కదలకు."

రోజూ అదే పని. ఒక రోజు కోడలికి పొట్ట మీంచి ఏదో బరువు దిగినట్టయి, హాయిగా నిద్ర పట్టింది. లేచి తడుముకుంటే మచ్చ లేదు. డాక్టరమ్మ తల నుంచి కాలి దాకా వెతికింది. మచ్చ లేదు, దాని ఆనవాలూ లేదు. కొడుకు ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. అత్త మాత్రం షాపు మూసి రాలేనంది.

ఆడపిల్ల పుట్టింది. అత్త తనకి తానే పొడుగు చేతుల జాకెట్లు కుట్టుకుంది. పిల్లని ఎన్నిసార్లు ఇచ్చినా ఎత్తుకునేది కాదు. మనవడు కాదని అలిగిందనుకున్నారు అందరూ. ఉతికే బట్టల్లో అత్త జాకెట్టు చంక దగ్గర నెత్తురు చూసేదాకా కోడలూ అలాగే అనుకుంది.

బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. మచ్చ అక్కడే ఉంది. దాని వేళ్లు లోపలికి దిగిపోయాయి. గుచ్చి గుచ్చి అడిగితే అత్త మాత్రల సంగతి చెప్పింది.

"ముందు ఆ మాత్రలు ఆపండి. కొంత నెమ్మదిస్తుంది, ఇంకొన్నాళ్లు బతుకుతారు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక అత్త గుమ్మంలో ఆగి కోడలి వైపు చూసింది.

"ఆపితే నా ఒంట్లో దానికేముంటుంది? లేచి పోతుంది. నువ్వు పాలిచ్చే తల్లివి. నిన్ను కాదంటే నీ పిల్ల ఉంది. అది నాతోనే పోవాలి."

"మీకు నేనంటే పడదుగా అత్తయ్యా" అని కోడలు భోరుమంది.

"పడదు. అయితే చచ్చిపొమ్మంటానా?"

కొన్నాళ్లకి అత్త వేళ్లలో సత్తువ పోయింది. మాత్ర అట్టలోంచి ఊడి రావడం లేదు. కోడలు పిల్లని మొగుడి చేతిలో పెట్టి వచ్చింది. పిల్లని తలుచుకుంది, తనని తాను అసహ్యించుకుంది. అట్ట చింపి, రెండు మాత్రలు అత్త నాలుక మీద వేసి, నీళ్లు తాగించింది.