గట్టు కింద గొట్టం

చిన్నకోడలి చెయ్యి మంచిది కాదన్న మాట ఆ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ నలుగుతూనే ఉంది. పెసలు రెండోసారి కూడా మొలవలేదు. రెండుసార్లూ చల్లింది ఆమే. ఆ ఇంట్లో విత్తనం చల్లడం ఆఖరి కోడలి పని. తను చల్లిన రోజుల్లో మడి మడంతా ఒక్కసారే లేచేదని అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని, వినేవాళ్లకీ విననివాళ్లకీ చెప్తోంది. డబ్బాలో మిగిలిన గింజలు ఇంకొక్కసారికే సరిపోతాయి. అవీ పోతే ఈ ఏడు పంట లేదు, పై ఏటికి విత్తనమూ లేదు.

"దీన్ని కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి రానియ్యరా. ఈసారి పెద్దకోడలు చల్లుతుంది" అందావిడ చిన్నకొడుకుతో.

"మరదలు చల్లితే గింజలకి కూడా నిద్ర ముంచుకొస్తుందమ్మా. పాపం, వాటి తప్పేముంది?" అన్నాడు పెద్దకొడుకు.

అందరూ నవ్వారు. ఆమె మొగుడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా.

ఆమె అంట్లగిన్నెలు బోర్లించి పొలానికి నడిచింది. మడిలో కూర్చుని వేలితో మట్టి కెలికింది. గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కొన్ని తోలు చిట్లి, లోపల చీములా మెత్తబడి, ముట్టుకుంటే వేలికంటుకున్నాయి. మట్టి మీద, చొక్కా వీపున చెమట ఆరిన చారల్లాగా, తెల్లటి పొర. చిటికెడు నాలిక్కి రాసుకుని వెంటనే ఉమ్మేసింది. ఉప్పు.

పొర చిక్కబడుతున్న వైపే నడిచింది. గట్టు అవతల రొయ్యల చెరువు. గట్టు కింద, గడ్డి కప్పి, లావుపాటి ప్లాస్టిక్ గొట్టం. దాని మూతి తమ మడిలోకే ఉంది. చెరువు కడిగిన ఉప్పునీళ్లు, కుళ్లిన మేతతో, పసుపుపచ్చ నురగతో కారుతున్నాయి.

చెరువు కాపలావాడు ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. పెట్టుకోమన్నది ఆమె బావగారేనట. లేకపోతే ఒకరి మడిలోకి మేమెందుకు వదుల్తామమ్మా అన్నాడు. అందుకేగా వారం వారం మీ ఇంటికి రొయ్యల బకెట్టు వస్తోంది అని కూడా అన్నాడు.

ఆ బకెట్టు. పెరట్లో చతికిలబడి తలలు తుంచి, నల్లనరం లాగి, ఎంత తోమినా వేళ్ల నీచు వదలకుండా ఆమె ఒలిచినవి అవే. చెయ్యి మంచిది కాదన్న నోళ్లన్నీ ఆ చేత్తో వండినవి లొట్టలేసుకుంటూ తిన్నాయి. ఆమె కూడా తింది. అది గుర్తొచ్చి గట్టు మీదే వాంతి చేసుకుంది.

ఇంట్లో ఎవరితోనూ అనలేదు. చెంబుతో గొట్టం నీళ్లు పట్టుకొచ్చి, డబ్బాలోంచి గుప్పెడు పెసలు తీసి రెండు మూటలు కట్టింది. ఒకటి తాగేనీళ్లతో తడిపింది, ఒకటి చెంబునీళ్లతో.

రెండు రోజులకి, బకెట్టు వచ్చిన సాయంత్రం, ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా, రెండు మూటలూ వాళ్ల మధ్య పెట్టి విప్పింది. ఒకదాన్లో ప్రతి గింజకీ తెల్లటి తోక. రెండోదాన్లో కుళ్లు.

"ఒకే డబ్బాలోవి అత్తయ్యా. ఒకే చేత్తో కట్టాను" అని, గొట్టం సంగతి చెప్పింది.

అత్తగారు రెండో మూట వాసన చూసి మొహం తిప్పుకుని పెద్దకొడుకు వైపు చూసింది.

"నీళ్లన్నాక ఎటో ఒకవైపు పోవాలిగా" అన్నాడతను, బకెట్టు దగ్గరికి లాక్కుంటూ. "తినేటప్పుడు ఎవరికీ ఉప్పగా అనిపించలేదే."

చిన్నకొడుకు తల దించుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆమె గొంతు పెంచలేదు.

"మిగిలిన విత్తనం నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ గొట్టం పీకి, వానకి మడిలో ఉప్పు కడుక్కుపోయేదాకా అది బయటికి రాదు. నేను పుట్టింటికీ పోను. రొయ్యలు మాత్రం ఇక ఒలవను. కావాల్సినవాళ్లు ఒలుచుకోండి."

బకెట్టులో ప్రాణమున్న రొయ్య ఒకటి అంచుకేసి టపటపా కొట్టుకుంటోంది. దానివైపు ఎవరి చెయ్యీ వెళ్లలేదు. అత్తగారు మొలకల గుడ్డని నెమ్మదిగా తనవైపు లాక్కుంది.