చల్లారనిచ్చిన పూత

"ఇంట్లోనూ పొయ్యి ముందే, అక్కడా పొయ్యి ముందే. నీకు తేడా ఏముంది?" అని భర్త నవ్వినప్పుడల్లా ఆమె కూడా నవ్వేసేది. తేడా ఉంది. ఇంట్లో వండింది తెల్లారేసరికి గిన్నెలతో సహా కడిగేసి ఉంటుంది. ప్రయోగశాలలో ఆమె గాజు పలకల మీద జింక్ ఆక్సైడ్ పూత వేసి ఫర్నెస్‌లో కాలుస్తుంది. కంటికి ఆనని సన్నటి రంధ్రాల పూత అది. దాన్ని అద్దకం మిల్లు వదిలిన నీలం నీళ్ళలో ముంచి ఎండలో పెడితే, వెలుగు తగిలి రంగు విరిగిపోవాలి, నీళ్ళు తేటపడాలి.

తేటపడటం లేదు. పూత ప్రతిసారీ నెర్రెలిచ్చి రేకులు రేకులుగా ఊడిపోతోంది. "మీ చేతికి నిలకడ లేదమ్మా. ఇదీ పోతే పని వేరేవాళ్ళకిచ్చేస్తాను," అన్నారు పెద్దసారు. తప్పు చేతిది కాదని ఆమెకు తెలుసు. ఫర్నెస్ తనంతట తాను చల్లారాలి. వేడి మీద తలుపు తీస్తే పూత పగులుతుంది. కానీ సాయంకాలమయ్యేసరికి ఇంటినుంచి ఫోన్ వస్తుంది. "దేవుడా, ఈ ఒక్కసారికి కాపాడు" అనుకుంటూ తలుపు తీసేసేది. ఎండను అందరి వాకిళ్ళలోనూ సమానంగా పోసిన దేవుడు ఈ పరుగును నా ఒక్కదాని నుదుటనే ఎందుకు రాశాడు అనిపించేది ఒక్కోసారి. వెంటనే లెంపలేసుకునేది.

ఇవాళా ఫోన్ మోగింది. అప్పటికే చేయి తలుపు పిడి మీద ఉంది.

"ఎక్కడున్నావ్? అమ్మ ఆకలికి ఆగలేకపోతోంది."

"వస్తున్నానండీ, ఇదిగో..."

"ఇటివ్వరా!" అని వినబడింది. ఫోన్ అత్తగారి చేతికొచ్చింది.

"ఏమ్మా, పనయిందా?"

"ఇంకా చల్లారలేదత్తయ్యా. ఇప్పుడు తీస్తే పగులుతుంది. ఫర్వాలేదు, వచ్చేస్తాను. మీకు ఆకలి..."

"నాకా? నేనిందాకే పాలు తాగాను. ఆకలి వాడిది, పేరు నాది. వాళ్ళ నాన్నా ఇంతే. కాళ్ళు చాపుకుని కూర్చుని, 'పాపం, పిల్లలకి ఆకలే' అనేవారు." ఆవిడ నవ్వింది. "నేను పరిగెత్తానమ్మా. నువ్వు కూర్చో."

వెనకనుంచి భర్త గొంతు వినబడింది. "అమ్మా, బియ్యం ఎక్కడున్నాయే?"

"ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయో అక్కడే!"

ఆమె పిడి వదిలింది. స్టూలు లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫర్నెస్ ముందు కూర్చుంది. ఈసారి దేవుణ్ణి ఏమీ అడగలేదు.