సూది పిచ్చుక

తెల్లారితే చాలు, ఊరంతా సున్నమక్క అని పిలిచే ఆమె బకెట్టూ కుంచే పట్టుకుని మేస్త్రీ చూపించిన గోడ దగ్గరికి వెళ్లేది. మున్సిపాలిటీలో వెల్ల వేసే పని. పూత వేసే ముందు గోడకి అరచెయ్యి ఆనించి చూడడం ఆ పనివాళ్ల అలవాటు, చెమ్మ ఉంటే సున్నం నిలవదు మరి. బొమ్మ ఉన్న గోడైతే ఇంకో సంగతి కూడా తెలిసేది. ఆ ఊళ్లో గోడ మీది బొమ్మ, గీసినవాడు బతికున్నన్నాళ్లూ వెచ్చగా ఉంటుంది. వాడు పోతే చల్లబడుతుంది. ఇందులో వింతేముంది, అందరూ చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. మూడేళ్లుగా ఇంటి మొహం చూడని పెయింటరు పెళ్లాం రోజూ చెప్పులకొట్టు గోడ తడిమి, "ఉన్నాడు సన్నాసి, ఎక్కడో సుఖంగానే ఉన్నాడు" అని తిట్టుకుంటూ పోయేది.

ఈమధ్య ఏ గోడ చూసినా పిచ్చుకలే. ముక్కున సూది కరుచుకున్న పిచ్చుక. బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి నిప్పంటుకున్న రోజున బయట తాళం వేసి ఉండడంతో పంతొమ్మిది మంది ఆడవాళ్లు లోపలే కాలిపోయారు. మర్నాడు గేటు మీద మొదటి పిచ్చుకని గీసింది సున్నమక్క కొడుకే. అక్కడే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. నోరు విప్పితే లోపలేస్తారు కనుక, వారం తిరిగేసరికి ఊరు ఊరంతా పిచ్చుకలు గీసింది.

కొడుకుని పోలీసులు పట్టుకెళ్లి రెండు నెలలైంది. ఇన్‌స్పెక్టరేమో, వాడు ఆ రోజే పారిపోతూ ఏట్లో దూకి చచ్చాడని చెప్పి, ఆ మేరకు కాగితం మీద సంతకం పెట్టి వెళ్లమన్నాడు. సున్నమక్క పెట్టలేదు. ఆ పొద్దునే వాడి పిచ్చుక మీద చెయ్యి వేసి వచ్చింది. వాడి పిచ్చుకలకి తోక కాస్త పొడుగు, ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ పొట్టకూటి పని, పిచ్చుకలు కనబడకుండా వెల్ల వెయ్యమని మున్సిపాలిటీ హుకుం. వెచ్చగా తగిలే కొడుకు బొమ్మల మీద తన చేత్తోనే రెండేసి పూతలు వేసింది. పూత పడ్డాక వెచ్చదనం పైకి రాదు. వేసిన ప్రతిసారీ లోలోపల ఏడ్చింది. చివరికి కుళాయి సందులో ఒక్కటే మిగిలింది. దాన్ని మేస్త్రీ చూసీ చూడనట్టు వదిలేశాడు.

కోర్టులో అర్జీ పెట్టమని అందరూ అంటే పెట్టింది. జడ్జి గారు మంచి మనిషి. గురువారం పొద్దున తానే వచ్చి గోడ ముట్టుకుంటాననీ, వెచ్చగా ఉంటే కుర్రాణ్ణి తెచ్చి ఎదుట నిలబెట్టాల్సిందేననీ ఇన్‌స్పెక్టరుకి అందరి ముందూ చెప్పారు. సున్నమక్క పొంగిపోయింది. వాడొస్తే తొడుక్కోవడానికి చొక్కా ఉతికి ఆరేసింది. బుధవారం సాయంత్రం వీధి వీధంతా వచ్చి పిచ్చుక మీద చేతులు వేసి చూసుకున్నారు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉందని పక్కింటి అత్త నవ్వింది.

గురువారం జడ్జి గారు వచ్చారు. చెయ్యి పెట్టారు. తీసి, రెండో చెయ్యి పెట్టారు.

"చల్లగా ఉందమ్మా," అన్నారు.

సున్నమక్క అడ్డొచ్చినవాళ్లని తోసుకుని వెళ్లి రెండు అరచేతులూ ఆనించింది. చెంప ఆనించింది. అక్కడే కూలబడింది.

రెండు నెలల కిందటే పోయాడని మొత్తుకుంటూనే ఉన్నానండీ అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని.

"నిన్న సాయంత్రం వెచ్చగానే ఉంది," అంది పక్కింటి అత్త. నేనూ చూశానని చెప్పులకొట్టతను ముందుకొచ్చాడు. నేనూ, నేనూ అంటూ ఒక్కొక్కరే వచ్చారు. ఉద్యోగం పోతే పోయిందని మేస్త్రీ కూడా వచ్చాడు. జడ్జి గారు గుమాస్తాని పిలిచి అందరి మాటా రాయించారు. కుర్రాడు నిన్న సాయంత్రం దాకా బతికే ఉన్నాడని రాయించారు. ఇన్‌స్పెక్టరు నడుముకున్న తుపాకీ అక్కడే తీసి ఇమ్మన్నారు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

తర్వాత సున్నమక్క దగ్గరికి వంగి, ఈ పాపం చేసినవాణ్ణి వదలనమ్మా అన్నారు.

ఆమె తలెత్తలేదు.

"నేను అర్జీ పెట్టకపోతే నా బిడ్డ ఇంకా వెచ్చగానే ఉండేవాడు కదయ్యా," అంది.